బెల్లం మార్కెట్‌లో పాస్‌వర్డ్

"ఒక ఫోటో కొనాలి," అన్నాడు చీఫ్ లోకనాథం.

"కొనడమా సార్? కాల్చడం కాదా?"

"కొనడం. డబ్బు కట్టి, అందరిలాగే."

ఏజెంట్ త్రినాధరావుకు చిరాకు అక్కడే మొదలైంది. ఇన్నేళ్ళ సర్వీసులో అతను సరిహద్దులు దాటాడు, కదిలే రైళ్ళ మీంచి దూకాడు, నాలుగు భాషల్లో అబద్ధాలాడాడు. ఇంటర్నెట్‌లో మాత్రం ఒక్క వస్తువు కూడా కొన్న పాపాన పోలేదు.

విశాఖపట్నంలో, బయటికి ట్రావెల్ ఏజెన్సీలా కనిపించే ఆఫీసు అది. చీఫ్ లైట్లు ఆర్పి ప్రొజెక్టర్ వేశాడు. తెర మీద నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పట్టు చీర, చేతిలో పొడవాటి గ్లాసుతో ఒక స్త్రీ నిలబడి ఉంది.

"కోడ్ నేమ్ మందారం. అసలు పేరు సూర్యకళ. కొలంబోలో విక్టర్‌కి పర్సనల్ సెక్రటరీ. మన తీరం పొడుగునా ఆయుధాలు దించే ముఠా వాడిది. ఈమె తన తరఫున మన మీద నిఘా వేసిందని విక్టర్ నమ్మకం. నిజానికి ఈమె మన మనిషి."

"డబుల్ ఏజెంట్."

"ఈ సాయంత్రం దాకా. మన రికార్డు రూములో ఒక దొంగ ఆమె సర్వీసు ఫోటో కాజేశాడు. పేరు, హోదా, డిపార్ట్‌మెంటు ముద్ర, అన్నీ ఉన్న ఫోటో. వాణ్ణి పట్టుకున్నాం కానీ అప్పటికే దాన్ని అమ్మకానికి పెట్టి, మీలో ఒక ద్రోహి ఫోటో ఇదని విక్టర్‌కి కబురు పంపేశాడు. డిజి-గోదాము అని ఒక వెబ్‌సైటు. రింగ్‌టోన్లు, వాల్‌పేపర్లు, పెళ్ళి కార్డు డిజైన్లు అమ్ముతుంది. అందులో 'సూర్యోదయం' అనే వాల్‌పేపర్ ఉంది. అదే ఆ సర్వీసు ఫోటో. ఫైలుకు తాళం వేసి ఉంది. ముందు డబ్బు కట్టినవాడికి, ఒక్కడికే, పాస్‌వర్డ్ పంపుతారు."

"సైటు మూయించేస్తే?"

"సర్వర్ మన దేశంలో లేదు. దాన్ని మూయించేలోపు విక్టర్ కొనేస్తాడు. వాడి డబ్బు ఇవాళ బ్యాంకు మూసేలోపు చేరుతుంది. పాస్‌వర్డ్ సైటు నడిపేవాడి దగ్గరే ఉంటుంది. వాడెవడో దొంగకీ తెలియదు. మెయిల్స్ మాత్రం అనకాపల్లి నుంచి వస్తున్నాయి. కాబట్టి అక్కడికే వెళ్ళి కొను."

"ఆమెను వెనక్కి రమ్మంటే?"

"పాస్‌పోర్టు విక్టర్ లాకర్లో ఉంది. తలుపు దగ్గర ఇద్దరున్నారు. ఆ ఫోటో తెరుచుకుంటే ఆ గదిలోంచి ఆమె నడిచి బయటికి రాదు త్రినాధ్."

అతనికి ఇచ్చిన సరంజామా ఇది: కె. కోటపాడు చెరకు రైతు వేషం, పంచె, తలగుడ్డ, చుట్ట ఆకారంలో ఉన్న పిస్తోలు, దారి ఖర్చులకని లావుపాటి నగదు కట్ట, డిపార్ట్‌మెంటు క్రెడిట్ కార్డు. చుట్ట చక్కగా పేలుతుందని టెక్నికల్ సెక్షన్ హామీ ఇచ్చింది. కార్డు గురించి ఎవరూ హామీ ఇవ్వలేదు.

అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక నెట్ సెంటర్. దాన్ని నడిపే మణి అనే నడివయసు ఆవిడ, తలగుడ్డ తీయకుండా కంప్యూటర్ ముందు కూర్చున్న ఈ రైతును వింతగా చూసింది. అతను సూర్యోదయం మీద నొక్కి కార్డు నంబరు కొట్టాడు. గడియారం గుర్తు చాలాసేపు తిరిగి, ఈ కార్డుకు ఆన్‌లైన్ అనుమతి లేదని తేల్చింది.

ఫైనాన్స్ సెక్షన్‌కు ఫోన్ చేశాడు. అనుమతి కోసం ఫలానా ఫారం పెట్టాలని, పెట్టాక వారం పడుతుందని అవతలి గొంతు నింపాదిగా చెప్పింది. ఒక మనిషి ప్రాణం పోతుందని అతను అన్నాడు. అయితే అర్జెంట్ అని పైన రాయమంది.

"కార్డుతో అవదు బాబూ," అంది మణి, వెనక నుంచి. "సిన్న సిన్న సైట్లకి కార్డు కంపెనీలు ఓ పట్టాన కాతాలివ్వట్లేదు. అందుకే ఈడు ఇన్ని దారులు ఎట్టేడు. కిందకి జరుపు, సూడు."

జరిపాడు. విదేశీ ఈ-పర్సు ఉంది. అందులో ఖాతా తెరిస్తే, గుర్తింపు నిర్ధారణకు నాలుగు రోజులు ఆగమంది. డిమాండ్ డ్రాఫ్టు ఉంది. బ్యాంకుకు పరుగెత్తితే లింకు లేదన్నారు. ఎప్పుడొస్తుందని అడిగితే, వచ్చినప్పుడు వస్తుందని ఆ గుమాస్తా టీ తాగడానికి లేచాడు. త్రినాధరావు చెయ్యి చుట్ట మీదకు వెళ్ళి, బలవంతాన వెనక్కి వచ్చింది.

ఇంకో దారి మొబైల్ రీచార్జి కూపన్లు. నంబర్లు గీకి సైటులో కొడితే చాలట. అతను ఉన్న నగదంతా పెట్టి మెయిన్ రోడ్డు పొడుగునా దొరికిన కూపన్లన్నీ కొన్నాడు. శత్రువు స్థావరాల్లో ఇనప పెట్టెలు తెరిచిన ఆ వేళ్ళతో, నెట్ సెంటర్ బల్ల మీద కూర్చుని ఒక్కొక్క కార్డూ గీకాడు. గోళ్ళ నిండా వెండి పొడి. నంబర్లన్నీ కొట్టి 'పంపు' అన్న మీట నొక్కబోయేసరికి కరెంటు పోయింది.

"ఇంక సాయంత్రమే," అంది మణి విసనకర్ర అందుకుంటూ.

త్రినాధరావు చీకటి తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. ఏడుపొచ్చింది. శత్రువు ఎదురుగా ఉంటే కొట్టొచ్చు, ఇక్కడ ఎవర్ని కొట్టాలి?

సరిగ్గా అదే సమయానికి కొలంబోలో సూర్యకళ కూడా అదే సైటు ముందు కూర్చుని ఉంది. విక్టర్ ఆమె కుర్చీ వెనక నిలబడి, తన కార్డు నంబరు తనే చదువుతున్నాడు. తను కొంటున్నది ఏ ద్రోహి ఫోటోయో అతనికింకా తెలియదు. చీఫ్ రహస్య కబురు అందిన ఆమెకు తెలుసు. ఒక అంకె తప్పు కొట్టింది. కార్డు చెల్లలేదు. మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ తప్పు కొట్టింది. మూడోసారి కొడితే అనుమానం వస్తుందని ఆమె వేళ్ళకు తెలుసు. అదృష్టవశాత్తు విక్టర్‌కే ఓపిక పోయింది. విశాఖపట్నంలో తన మనిషికి ఫోన్ చేసి, అమ్మకందారు బ్యాంకు ఖాతాలో నేరుగా నగదు వేసేయమన్నాడు.

అనకాపల్లిలో త్రినాధరావు మణిని చివరిసారి అడిగాడు.

"ఇంకే దారీ లేదా అమ్మా?"

"మనియార్డరుంది. అది ఎల్లేసరికి వారం. అడ్రసు నాకు తెలుసు కానీ..."

"ఎవరి అడ్రసు?"

"సైటుదే. బాబ్జిది. బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టు. పొద్దుట్నుంచీ అడిగితే సెప్పేదాన్ని కదా."

అతను పంచె ఎగ్గట్టి పరుగు తీశాడు.

బెల్లం మార్కెట్ కిటకిటలాడుతోంది. బెల్లం దిమ్మల వరసల మధ్య కలాసీలు, రైతులు, దిమ్మల మీద ఈగలు. మూల కొట్లో బాబ్జి ఉన్నాడు. బనీను, మెడలో తువ్వాలు. ముందు తక్కెడ, పక్కన ఈగలు వాలకుండా పాలిథిన్ కప్పిన కంప్యూటర్. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తోంది. ఎవరి సరుకైనా అమ్మిపెట్టి కమీషను తీసుకోవడం అతని వృత్తి. బెల్లంతో పాటు ఈమధ్య రింగ్‌టోన్లు కూడా అమ్ముతున్నాడు. ఏ దిమ్మలో ఏముందో విప్పి చూసే అలవాటు అతనికి లేదు.

"ఏటి బావా, ఏ ఊరు?"

"సూర్యోదయం కావాలి. వాల్‌పేపరు."

బాబ్జి అతన్ని తలగుడ్డ నుంచి పాదాల దాకా చూశాడు. "అది ఎయ్యి డాలర్లు. నీకెందుకది? కొలంబో పార్టీ డబ్బు ఏత్తన్నాడు. బ్యాంకు మెసేజి రాగానే పాస్‌వర్డ్ పంపించీడమే."

"నాకమ్ము. ఇవిగో కూపన్లు."

"ఆ ఆప్షన్ తీసీసేను. ఒకే కూపన్ నలుగురికి నలుగురూ పంపుతుంటే నేనేటి సేసేది?"

త్రినాధరావు గుర్తింపు కార్డు తీసి ముఖం మీద పెట్టాడు. కేంద్ర ప్రభుత్వం, మూడు సింహాలు.

బాబ్జి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పర్లేదు. ఇంతకన్నా మంచి డిజైన్లు నా సైట్లో ఉన్నాయి. యాభై రూపాయలు."

త్రినాధరావు చుట్ట తీశాడు.

"ఇక్కడ సుట్ట కాల్సకు బావా. కంప్యూటరుంది."

ఏం చెయ్యాలి? అరెస్టు చేస్తానంటే మార్కెట్ అంతా మీద పడుతుంది, ఈలోగా మెసేజి వస్తుంది. నిజం చెబుదామంటే, ఈ వేషంలో చెప్పే నిజం ఎవడు నమ్ముతాడు? త్రినాధరావు రొండిన చెయ్యి పెట్టి వెతికితే ఒకే ఒక్క రూపాయి బిళ్ళ తగిలింది. పొద్దుటి నుంచి అణుచుకున్న కోపమంతా ఆ చేతిలోకి వచ్చింది. బాబ్జి చెయ్యి లాగి, అరచేతిలో ఆ బిళ్ళను కొట్టినట్టే పెట్టాడు.

"నా దగ్గర మిగిలింది ఇదే. తీసుకో. తీసుకుని హుండీలో వేసుకో."

బాబ్జి అరచేతిలోని బిళ్ళకేసి చూశాడు. గుప్పిట మూశాడు. దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"ముందే సెప్పాల కదా బావా, బయానా ఇత్తానని."

"ఏమిటి?"

"సూర్యోదయం నీదైపోయింది. మిగతా డబ్బు సుక్కోరం లోపల ఇచ్చీ."

ఈ మార్కెట్లో కొనేవాడు అరచేతిలో బిళ్ళ పెడితే అదే బయానా, ఆ సరుకు అమ్ముడైనట్టే. తూకం తరవాత, డబ్బు తరవాత. ఎన్ని వెబ్‌సైట్లు పెట్టినా బాబ్జికి బేరమంటే అదే. త్రినాధరావుకు ఇవేవీ తెలియవు.

బల్ల మీద ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజి. కొలంబో పార్టీ డబ్బు పడింది.

"అయ్యో," అన్నాడు బాబ్జి. "ఈ డబ్బు వాపసు పంపాల. కర్చు నాకే తగులుద్ది." సరుకు అమ్ముడైపోయిందని అతను మెయిల్ కొట్టి పంపాడో లేదో, ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి కొలంబో నుంచి. చేతులకు బెల్లం జిగురని బాబ్జి స్పీకర్ నొక్కాడు.

ఒక స్త్రీ గొంతు. మెత్తగా, తొణక్కుండా ఉంది. "విక్టర్ గారి సెక్రటరీని మాట్లాడుతున్నాను. సారు పది రెట్లు ఇస్తామంటున్నారు. పాస్‌వర్డ్ ఇప్పుడే చెప్పమంటున్నారు."

అది సూర్యకళ అని త్రినాధరావుకు అర్థమైంది. తలుపు దగ్గరి ఆ ఇద్దరిలో ఒక్కడికి తెలుగు వచ్చినా, ఆమె తన చావు బేరం తనే మాటపొల్లు పోకుండా ఆడాలి. బాబ్జి గడ్డం గోక్కున్నాడు. పది రెట్లంటే కమీషను కూడా పది రెట్లు. గుమ్మంలో రైతులు అతనికేసి చూస్తున్నారు.

"మరో మాట లేదండీ అమ్మా," అన్నాడు చివరికి. "బయానా పట్టీసేను. రేపు ఈ యార్డులో నా మాట మీద ఒక్క దిమ్మ దిగదు. మీ దొరగారికి తెలీకపోతే మీరే సెప్పండి."

ఆమె ఆ మాట ఇంగ్లీషులో విక్టర్‌తో చెప్పింది. ఏదో బల్లకు కొట్టుకుని పగిలిన చప్పుడైంది. "సరేనండి," అంది ఆమె తెలుగులో. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం గొంతు వణికింది.

బాబ్జి పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి, తక్కెడ దగ్గరికి వెళ్ళాడు. త్రినాధరావు బాబ్జి కంప్యూటర్లోనే ఫైలు తెరిచాడు. సరుకు అదో కాదో చూసుకోవాలి కదా.

నల్ల కళ్ళద్దాలు లేవు. పట్టు చీర లేదు. నూనె రాసి గట్టిగా దువ్విన రెండు జడలు, సర్వీసులో చేరే రోజున భయపడుతూ కెమెరాకేసి చూసిన కళ్ళు. ఈ అమ్మాయిని ఇన్నేళ్ళు ఆ గదిలో ఒంటరిగా వదిలేశామే అని అతనికి సిగ్గేసింది. ఫైలు చెరిపేశాడు. సైటులో ఉన్నదీ చెరిపేశాడు. చీటీ నమిలి మింగాడు. దానికీ బెల్లం అంటుకుని ఉంది.

బాబ్జి వెనక్కి వచ్చి ఖాళీ తెర చూశాడు.

"ఏటి బావా, కొన్న సరుకు సెరిపీసేవేటి?"

"నచ్చలేదు."

"నచ్చకపోయినా డిజిటల్ సరుకుకి వాపసు లేదు." బాబ్జి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "సరే గానీ, మిగతా డబ్బు ఎలాగిత్తావు? కార్డా, డీడీయా?"