గొళ్ళెం తెగిన సూది

పాండుగౌడ్ రొమ్ము మీద నర్సు సువార్త మూడోసారి జిగురు పూసి, ధ్వనితో ఒంటి లోపలిని చూపే నాదపలక ఆనించింది. తెర మీద దేహపటం మళ్ళీ అక్కడికొచ్చి నల్లబడింది.

"పలక మురికిగా ఉంది. దయచేసి తుడవండి," అంది పరికరాలన్నిటినీ దూరం నుంచి నడిపే యంత్రం, కేంద్రం, ఎప్పటి మర్యాదతోనే.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. పలక శుభ్రంగానే ఉంది. నలభై ఏళ్ళు పొద్దునా సాయంత్రం తాటిచెట్లను కావలించుకుని ఎక్కిన రొమ్ము అది. చెప్పు అట్టంత మందాన కాయగట్టింది. నాదం అందులోంచి లోపలికి దిగడం లేదు. కేంద్రానికి పటాలు నేర్పిన వాళ్ళెవరూ ఏనాడూ తాటిచెట్టు ఎక్కి ఉండరు.

సువార్త పలకను రొమ్ము ఎముక కింద మెత్తని చోటికి జరిపి పైకి వంచింది. గుండె స్పష్టంగా కనిపించింది. చుట్టూ నీరు చేరి, దాని నడుమ నలిగిపోతూ కొట్టుకుంటోంది. దిండ్లకానుకుని కూర్చున్న మనిషికి మెడ నరాలు ఉబ్బాయి, నాడి వేలికి అందడం లేదు. ఎగిరే అంబులెన్సు రావడానికి గంట పడుతుంది. ఆ నీటిని సూదితో వెంటనే తోడాలి, పాండుగౌడ్‌కు అంత సమయం లేదు.

"సూది గొళ్ళెం తియ్యి," అంది సువార్త.

"మూడు వైపుల చూపులు కలిస్తేనే దేహపటం పూర్తవుతుంది. ఒక్కటే ఉంది. అనుమతి లేదు."

సూది పిడి మీద, గుచ్చాల్సిన చోటు కుదిరిందో లేదో చెప్పే తావుమణి ఎర్రగా వెలుగుతోంది. అది పచ్చబడితే తప్ప గొళ్ళెం ఊడదు, సూది బయటికి రాదు. గొళ్ళేన్ని ముట్టుకుంటే వైద్యం చేసే చేతిహక్కు పోతుంది. పదకొండేళ్ళ నర్సు ఉద్యోగం అంతటితో సరి.

పోయిన నెల ఇలాగే ఇంకో కల్లుగీత కార్మికుడు వస్తే సువార్త బుద్ధిగా నియమం పాటించింది. అంబులెన్సు దిగేసరికి మనిషి లేడు. కుదరని పటం కదా అని కేంద్రం ఆ చిత్రాలన్నీ చెరిపేసింది. అందుకే ఇలాంటి రొమ్ము దానికి ఎప్పుడూ మొదటిదే. తలచుకుంటే సువార్తకు ఒళ్ళు మండింది. కేంద్రం మీద ఎంతో, తన మీద అంతకు రెట్టింపు.

పాండుగౌడ్ భార్య సోమక్క మంచం కోడు పట్టుకుని నిలబడింది. "ఏమంటుంది బిడ్డా ఆ మిషిని?"

"వద్దంటుంది పెద్దమ్మా."

"మరి నువ్వేమంటవ్?"

సువార్త తన ఫోనులో వీడియో మొదలుపెట్టి ఆమె చేతికిచ్చింది. "ఈ తెర దిక్కు పట్టు. నేను చెప్పేదాంక దించకు."

పళ్ళెంలోంచి కత్తెర తీసి గొళ్ళెం తీగలు రెండూ పుటుక్కున కత్తిరించింది. మణి ఆరిపోయి గొళ్ళెం ఊడింది. తెర మీద సూదికి దారి చూపే గీత కూడా మాయమైంది. ఇక ఎడమ చేతిలో పలక, కుడి చేతిలో సూది, నడుమ తన కళ్ళు.

"బాపూ, కదలకు."

"చెట్టు మీద... కదులుతమా బిడ్డా," అన్నాడు పాండుగౌడ్ రొప్పుతూ.

తెర మీద సూది మొన తెల్లటి చుక్కగా దిగింది. నీటి అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి వెంట్రుకవాసి ముందుకు జరిగింది. ఎర్రటి నీరు సిరంజిలోకి వచ్చింది. రెండు సిరంజిలు నిండేసరికి గుండె విచ్చుకుంది, నాడి వేలికి గట్టిగా తగిలింది. ఫోను దించకుండానే సోమక్క బోరున ఏడ్చింది.

"అతిక్రమణ నమోదైంది. చేతిహక్కు రద్దు. చిత్రాలు చెరిపివేస్తున్నాం," అంది కేంద్రం.

"చెరుపుకో. నా దగ్గరున్నయ్."

సువార్త ఆ వీడియోను జిల్లా నర్సులందరికీ పంపి, కింద తన గొంతు జోడించింది: "గీతన్నలకు రొమ్ము మీద కాదు, ఎముక కిందికెల్లి చూడుండ్రి. గొళ్ళెం కోసిన. మనిషి బతికిండు. నేను సువార్తను."

పావుగంటకు ఫోను మోగింది. పక్క మండలం నర్సు జయప్రద. "అక్కా, నా ముందర ఒక గీత తాత ఉన్నడు. మణి ఎర్రగనే ఉంది. కత్తెర యాడ పెట్టాలె?"

"ఈ సంభాషణ నమోదవుతోంది," అంది కేంద్రం.

"మంచిగ చేస్కో," అని సువార్త ఫోను నోటి దగ్గరికి తీసుకుంది. "మణి కింద రెండు తీగలుంటయ్ చూడు చెల్లే. రెండూ కొయ్యి."