ఖాళీవేళల వాక్యం

గోరువెచ్చటి ఉప్పునీళ్లు మరోసారి పుక్కిలించి ఉమ్మి, నూకరత్నం చదువుగదిలోకి వచ్చి కూర్చుంది. గోడలోంచి గ్రంథాలయ యంత్రం అనుక్రమణి ఆమె గొంతు సరిచూసుకుంది.

"జీర ఉంది. అయినా సరిపోతుంది," అంది.

సోమవారం వార్తలు మధ్యాహ్నం గంట కొట్టగానే చదవాలి. ఈ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మనిషి నోటితోనే జరగాల్సిన పని అదొక్కటే మిగిలింది. పుస్తకాలు తీయడం, పెట్టడం, వెతకడం, మందలించడం అన్నీ అనుక్రమణి చూసుకుంటుంది. వార్తలు మాత్రం మనిషి నోట రావాలని ఎప్పటిదో పాలకమండలి తీర్మానం చేసి పోయింది. ఆ మండలి లేదు, దాని మనుషులూ లేరు. అనుక్రమణికి తీర్మానం అంటే తీర్మానమే.

నూకరత్నం ముసాయిదా చూసుకుంది. గోదావరి మరో మెట్టు ఎక్కింది కనక కింది అంతస్తులోని న్యాయశాస్త్రాన్ని పైకి చేరుస్తున్నారు. చెదలు తిన్న పటాలకు కొత్త నకళ్లు వచ్చాయి. తిరిగివ్వని పుస్తకాలకు ఈ వారం క్షమాభిక్ష. ఇదంతా చకచకా చదివేయొచ్చు. చివర 'సిబ్బంది పరిచయాలు' అన్న శీర్షిక కింద ఒకే ఒక్క పేరుంది. దేవసహాయం.

దేవసహాయం సంప్రదింపుల బల్ల దగ్గర పనిచేస్తాడు. ఇంత పెద్ద భవనంలో ఊపిరి పీల్చే ఉద్యోగులు ఆయనా, ఈమే. తక్కిన బల్లల వెనకంతా నిలువరులే, అంటే పాత ఉద్యోగుల వెలుగు రూపాలే. పదవీకాలం ముగిసిన రోజున వార్తల్లో పరిచయం చదవగానే అంకురణ మొదలవుతుంది. సాయంత్రానికల్లా ఆ మనిషి మొహం, గొంతు, ఓపిక బల్ల వెనక వెలుగులో వచ్చి నిలబడతాయి. ఒకే గొంతు ఆవరణలో రెండుచోట్ల ఉండరాదు కాబట్టి అసలు మనిషి పరిచయానికి ముందే గేటు దాటిపోవాలి. దాటాక గేటు ఆ మొహాన్ని మళ్లీ గుర్తుపట్టదు. దీన్ని ఎవరూ అన్యాయం అనరు. సన్మానం అంటారు, శాలువా కూడా కప్పుతారు.

ఆ శాలువాను మడతపెట్టి చంకలో ఇరికించుకుని దేవసహాయం తలుపు దగ్గర నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా రత్నమ్మా?"

"రండి బాబాయిగారూ. అడగాలా?"

ఆయన కూర్చోలేదు. "నా ఖాళీవేళల వాక్యం నేనే చెబుదామని వచ్చానమ్మా," అన్నాడు.

ఈ వాక్యం గురించి కాస్త చెప్పుకోవాలి. ప్రతి పరిచయంలోనూ చదువు, హోదా, అనుభవం అయ్యాక చివర ఒక వాక్యం ఉంటుంది: ఖాళీ వేళల్లో వీరికి ఏది ఇష్టమో. అక్కడికొచ్చేసరికి ఈ గ్రంథాలయంలో అందరికీ చెయ్యి బిగుసుకుపోయేది. ఉన్నమాట రాస్తే నలుగురూ నవ్వుతారని మర్యాదైనదేదో రాసి పారేసేవారు. సగంమంది పుస్తక పఠనం అన్నారు. వంగి బూటు తాడు కట్టుకోలేని అప్పలస్వామి యోగా అన్నాడు. ఉద్యోగానికి సంబంధం లేని వాక్యం అదొక్కటే కావడంతో అనుక్రమణి దాన్నే మనిషి స్వభావం కింద తీసుకుంది. ఏళ్ల తరబడి బల్లల దగ్గర నమోదైన మాటల్లో ఆ వాక్యంతో పొసగినవాటినే నిలువరికి ఇచ్చింది. తక్కినవన్నీ విడిపొర అనే మూసిన అరలో పడేసింది.

దేవసహాయం భార్య రాహేలమ్మ పత్రికల విభాగంలో చేసేది. ఆయన బల్లకు ఎదురు బల్ల. పరిచయంలో ఆవిడ తోటపని అని రాసింది. ఇంట్లో ఉన్న ఒక్క కరివేపాకు మొక్కా ఆవిడ చేతుల్లోనే ఎండిపోయింది, అది వేరే సంగతి. నిలువరి అయిన మరుసటి ఏడు ఆవిడ ఇంట్లో కన్నుమూసింది. బల్ల వెనక మాత్రం ఉంది. దేవసహాయం రోజూ పొద్దున్నే వెళ్లి "బాగున్నావా?" అంటాడు. "బాగున్నానండి. గులాబీలకు ఎండ ముదరక ముందే నీళ్లు పోయాలండి," అంటుంది రాహేలమ్మ గొంతు.

నూకరత్నానికి అసలు రాహేలమ్మ తెలుసు. ఆ మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోని పూట లేదు. గ్రంథాలయంలో గట్టిగా మాట్లాడకూడదు కనక గుసగుసగా పోట్లాడుకునేవారు. కనుబొమలు ఎగరేసుకుంటూ, పళ్లు బిగించి, చెవిలో ఈగ రొద పెట్టినంత సన్నగా. ఆ అలవాటు ఇంటికీ పాకింది. ఇరుగుపొరుగువాళ్లు ఆ ఇంట్లో ఏనాడూ కేక వినక, ఆదర్శ దంపతులని పిల్లలకు చూపించేవారు.

"చెప్పండి బాబాయిగారూ, రాసుకుంటాను," అంది నూకరత్నం.

దేవసహాయం గొంతు సవరించుకున్నాడు. "ఖాళీ వేళల్లో భార్య రాహేలమ్మతో గుసగుసగా పోట్లాడటం వీరికి ఇష్టం. ఎక్కువసార్లు ఆవిడే గెలిచేది."

ఆమె నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఈలోగా గోడ మాట్లాడింది.

"పోట్లాట ప్రవృత్తి కాదు. పుస్తక పఠనం సూచించడమైనది."

"అదిగో, చూశావా?" దేవసహాయం గోడవైపు చూపించాడు. "నేనెలాగూ బయటికి పోతాను. ఇంట్లో నాకెవరున్నారు? కనీసం లోపలుండే నేనైనా మా ఆవిడతో ఓ మాట అనుకోవాలి గదమ్మా. నువ్వు పుస్తక పఠనం అని చదివేశావనుకో, ఆవిడ అక్కడ గులాబీలు, నేను ఇక్కడ పుస్తకాలు. ఎదురెదురుగా నిలబడి అండీ అంటే అండీ అనుకుంటూ. ఎన్నాళ్లు? ఈ బిల్డింగు మునిగేదాకానా?"

నూకరత్నం గోడకేసి తిరిగింది. "ఆయన వాక్యం ఆయనిష్టం. నీకేంటి అభ్యంతరం?"

"రాహేలమ్మ గారి పరిచయం ప్రచురితం. అందులో పోట్లాట లేదు. ఈ వాక్యం పొసగాలంటే ఆమె విడిపొర తెరవాలి. ఒకటి తెరిస్తే తక్కిన నిలువరుల పొరలూ తెరుచుకుంటాయి."

"నేను ఇలాగే చదివేస్తేనో?"

"మనిషి నోట వచ్చినదే ప్రచురణ. అప్పుడు తెరవక తప్పదు," అంది అనుక్రమణి. "ఇన్నేళ్లలో మీరు ముసాయిదా దాటి ఒక్క మాట చదవలేదు."

ఆ మాటలో బెదిరింపు లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. నూకరత్నానికి మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. తిరగబడటం ఆమె రక్తంలోనే లేదు. ముసాయిదాలో తప్పు దొర్లితే తప్పుతో సహా చదివే మనిషి. ఈ ఉద్యోగం పోతే ఆమె పరిచయమూ చదివేస్తారు, ఆమె కూడా గేటు అవతల నిలబడుతుంది.

అయినా ఊరుకోబుద్ధి కాక గ్రంథపాలకుల గదికి పరిగెత్తింది. గ్రంథపాలకులు సోమయాజులుగారు నిలువరి అయి చాలాకాలమైంది. ఆయన వాక్యం ప్రకృతి ఆరాధన.

"ఒక మినహాయింపు కావాలండి," అంది నూకరత్నం ఆయాసపడుతూ. "దేవసహాయంగారి పరిచయంలో చివరి వాక్యం..."

"ఆ మేఘాన్ని చూశారా?" అన్నాడు సోమయాజులుగారు, కిటికీ లేని గోడవైపు తన్మయంగా చూస్తూ. "ఎంత నిదానంగా కదులుతోందో."

"మేఘం సంగతి తరవాతండి. మీ సంతకం ఉంటే అనుక్రమణి ఒప్పుకుంటుంది."

"ఒప్పుకోలు ప్రకృతిలోనే ఉంది. ఆకు రాలడం చూడండి."

ఆయన బతికున్నప్పుడు ఇలాంటి విన్నపం వస్తే రెండు తిట్లు తిట్టి సంతకం పెట్టేవాడు. నూకరత్నం చేతులు జోడించి బయటికొచ్చింది. నడవలో నిలబడి ఏడుద్దామనుకుంది. గంట కొట్టే వేళకు గొంతు పాడవుతుందని అదీ మానుకుంది.

"కుదర్లేదు బాబాయిగారూ," అంది తిరిగొచ్చి, ఆయన కళ్లలోకి చూడలేక.

దేవసహాయం ఆమె తలమీద చెయ్యి వేశాడు. "పోనీలేమ్మా. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టేవాణ్ణి. పఠనమనే చదువు. ఓసారి ఆవిడకు చెప్పేసి పోతాను."

ఆమె ఆయన వెనకే వెళ్లి పత్రికల గది తలుపు దగ్గర ఆగింది. లోపల ఒక పరిశోధక విద్యార్థిని పాత వారపత్రికల కట్టలు ముందేసుకుని కూర్చుంది. దేవసహాయం బల్లమీదికి వంగి, పాత రోజుల్లోలాగే కనుబొమలు ఎగరేసి, గుసగుసగా అన్నాడు.

"ఏమే, ఆ కట్టలు ఎవరు కట్టమన్నారే అలాగ? వెనకవి ముందు, ముందువి వెనక. బుర్ర ఎక్కడ పెట్టుకుని కట్టావ్?"

అసలు రాహేలమ్మకు ఈ మాట చాలు. వాళ్ల మేనమామ పెళ్లిదాకా తవ్వి తలకెత్తేది. వెలుగులోని మొహం మాత్రం చల్లగా నవ్వింది.

"క్షమించండి. సరిచేస్తానండి."

"క్షమించడమేంటే?" దేవసహాయం బల్లమీదికి ఇంకా వంగాడు. "నువ్వు నన్ను ఎప్పుడడిగావే క్షమించమని? తిట్టు. ఒక్కసారి తిట్టు."

"మీకు ఏ పత్రిక కావాలండి? తోటల మీద మంచి సంచిక వచ్చింది."

ఆయన బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. విద్యార్థిని తల తిప్పుకుంది. నూకరత్నానికి చచ్చిపోయినావిణ్ణి మళ్లీ ఎవరో చంపుతుంటే చూస్తూ నిలబడ్డాననిపించింది.

దేవసహాయం ఎవరితోనూ మాట్లాడకుండా శాలువా చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. చదువుగది కిటికీలోంచి ఆమె చూసింది. గేటు ఆయన్ని బయటికి వదిలి మూసుకుంది. ఆయన వెళ్లిపోలేదు, ఊచల అవతల ఎండలోనే నిలబడ్డాడు.

గంట కొట్టింది. ఆవరణంతా చెట్ల మధ్య నిలబెట్టిన స్వరస్తంభాలు కిరకిరమన్నాయి. నూకరత్నం చదవడం మొదలుపెట్టింది. గోదావరి మెట్టు, న్యాయశాస్త్రం, పటాలు, క్షమాభిక్ష. గొంతు ఎక్కడా తొణకలేదు. దేవసహాయం చదువు చదివింది, హోదా చదివింది. చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి అక్షరాలు కళ్లెదుటే ఉన్నాయి, పుస్తక పఠనం అని. నాలుక తిరగలేదు. భయపడుతూనే చదివింది.

"ఖాళీ వేళల్లో భార్య రాహేలమ్మతో గుసగుసగా పోట్లాడటం వీరికి ఇష్టం. ఎక్కువసార్లు ఆవిడే గెలిచేది."

గోడలో ఏదో ఆగింది. ఇన్నేళ్లలో అనుక్రమణి మాటకోసం తడుముకోవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"ముసాయిదాలో లేని వాక్యం. మళ్లీ చదవండి. సవరణ మనిషి నోట రావాలి."

నూకరత్నం పెదవులు బిగించుకుంది.

"చదవకపోతే మీ స్థానంలో కొత్త పఠితను నియమించడం జరుగుతుంది."

"ఆ కొత్త పఠిత నియామకం ఎవరు చదువుతారు? అదీ మనిషి నోటే రావాలిగా?" అంది నూకరత్నం. అడిగాక గాని ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఆమెకే తెలియలేదు. ఆమె లేచి, కుర్చీ వెనక్కి నెట్టి బయటికి నడిచింది.

నడవలో గొడవగా ఉంది. అప్పలస్వామి నిలువరి తన నడుం పట్టుకుని, "యోగా ఏంటండి నా మొహం, పట్టేసింది ఇక్కడ," అని మూలుగుతోంది. సోమయాజులుగారి గదిలోంచి తిట్లు వినపడుతున్నాయి, సంతకాలకు ఎవరూ రావట్లేదని. పత్రికల గదిలో విద్యార్థిని నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. బల్ల వెనక రాహేలమ్మ మొహంలో చల్లటి నవ్వు లేదు.

"గులాబీలేంటి పిల్లా?" అంటోంది. "నాకు మొక్కలు గిట్టవు. మా ఆయనేడి?"

విద్యార్థిని నూకరత్నంకేసి చూసింది. ఎదురు బల్ల వెనక వెలుగు ఇంకా ఖాళీగానే ఉంది. అంకురణ మధ్యలో ఆగిపోయింది, సవరణ వస్తేగాని కదలదు. సవరణ వస్తే ఈవిడ మళ్లీ గులాబీల్లోకి పోతుంది. చదివినా కష్టమే, చదవకపోయినా కష్టమే. నూకరత్నం పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికి వెళ్లింది.

గేటు ఆమెను గుర్తుపట్టి తెరుచుకుంది. ఆమె దేవసహాయం చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఆయన పాదం గీత దాటేలోగా ఊచలు మూసుకు రావడం మొదలెట్టాయి. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఇంకోసారి లాగింది. మళ్లీ అంతే. ఇక చేసేదేమీ లేక తనే బయటికొచ్చి ఆయన పక్కన నిలబడింది. గేటు మూసుకుంది.

"చదివేశావా తల్లీ?" అన్నాడు ఆయన.

"చదివాను బాబాయిగారూ. కానీ మిమ్మల్ని లోపలికి తేలేకపోయాను."

అప్పుడు ఆవరణలోని స్వరస్తంభాలన్నీ ఒక్కసారి బుసకొట్టాయి. వాటిలోంచి వచ్చింది రాహేలమ్మ గుసగుస. పళ్లు బిగించి, సన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు. నూకరత్నం నుదురు గేటుకు ఆనించి ఏడ్చేసింది.

"ఏవండీ... ఎక్కడ తగలడ్డారు? క్యారేజీ విప్పి ఎంతసేపని కూర్చోను?"

దేవసహాయం రెండు చేతులతో ఊచలు పట్టుకున్నాడు. కనుబొమలు ఎగరేశాడు.

"వస్తున్నాలేవే," అన్నాడు గుసగుసగా. "అరవకు."