మూడుసార్లు ఆగిన బండి

ఉదయం తొమ్మిదిన్నరకు బెంజి సర్కిల్లో నాలుగు వైపుల నుంచీ డ్రైవర్లు లేని ఊయలబండ్లు వచ్చి, ఏదీ ఆగకుండా, ఏదీ దేనికీ తగలకుండా, ఒకదాని సందులోంచి ఒకటి దూరి వెళ్లిపోతున్నాయి. లోపల జనం ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీలు తింటున్నారు, జడలు వేసుకుంటున్నారు, కొందరు గురక పెడుతున్నారు. బయటికి చూసేవాళ్లు ఎవరూ లేరు. చూడవలసిన పనీ లేదు. ఊళ్లో దారులన్నిటినీ దారిమేధ అనే యంత్రబుద్ధి ఒక్కటే చూసుకుంటుంది.

ఒక బండిలో కూర్చున్న కృపావతి మాత్రం చూస్తోంది. డెబ్బై ఏళ్ల ఆ మనిషి ఒళ్లో, తువ్వాలులో చుట్టిన ఇనుప పళ్లచక్రం ఒకటి ఉంది. ఇంకో బండి అడ్డం వచ్చినప్పుడల్లా ఆమె కుడికాలు తనంతట తానే నేలను నొక్కుతోంది.

"కాలు నొప్పాండీ?" అని ఎదుటి సీటులో ఉద్యోగానికి పోతున్న యువతి అడిగింది.

"కాదమ్మా, బ్రేకు," అంది కృపావతి.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. బ్రేకు అనే మాట విని ఉంటుంది గానీ, అది కాలితో నొక్కేదని ఆమెకు ఎవరు చెబుతారు?

కృపావతి విజయవాడలో ముప్పై ఏడేళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపింది. దారిమేధ వచ్చాక రోడ్డు మీద చావులు లేవు. ఆ మాట ఆమె కూడా ఒప్పుకుంటుంది. ప్రమాదాల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకు వెళ్లి కూర్చున్న మనిషి ఒప్పుకోక ఏం చేస్తుంది? అయితే ఆఖరి డ్రైవింగ్ లైసెన్సు చెల్లిపోయి పదకొండేళ్లయింది, స్కూలూ అప్పుడే మూతపడింది. మిగిలింది ఒక్క కారు. తెల్లటి చిన్నకారు, ఎనిమిది వందల సీసీ. నేర్పేవాళ్ల కోసం ఎడమ సీటు ముందు అదనంగా ఇంకో క్లచ్చి, ఇంకో బ్రేకు బిగించినది. ఇప్పుడు దానికే గడువు వచ్చిపడింది.

పాతబండ్ల చట్టం చెప్పేది ఒక్కటే. పెట్రోలు ఇంజిను ప్రతి క్షణం ఎంత తాగుతున్నదీ, ఎంత పొగ వదులుతున్నదీ తానే కొలుచుకుని దారిమేధకు చెప్పుకోవాలి. చెప్పుకోగలిగితే ఆటోనగర్ వెనక ఉన్న పాతబండ్ల దారిలో తిరగవచ్చు. చెప్పుకోలేనిది ఈ నెలాఖరు దాటాక నుజ్జుమిల్లుకు పోతుంది. కార్బొరేటర్ బండికి నోరెక్కడిది? అలాంటి బండికి, కొలిచి చెప్పే నియంత్రిక తయారుచేసే కంపెనీ కూడా ఎక్కడా లేదు.

"లేకపోతే మనమే చేసుకుందాం మేడంగారూ," అన్నాడు ఖాదర్‌వలీ. ఆటోనగర్లో యాభై ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించిన మెకానిక్ ఆయన. ఆమె స్కూలు కార్లన్నిటికీ ఆయనే వైద్యుడు. ఆ మాట అని ఏడు నెలలైంది.

ఆమె ఆయన షెడ్డులో అడుగుపెట్టేసరికి ఖాదర్‌వలీ బానెట్ కింద తలపెట్టి ఉన్నాడు.

"తెచ్చారా? లేతువాడు ఈసారన్నా పని సరిగా చేశాడా?"

"నేనే దగ్గర నిలబడి చేయించాను. ముప్పై ఆరు పళ్లు కోసి ఒకటి పీకేశాడు. లెక్కపెట్టుకోండి."

ఆయన నిజంగానే లెక్కపెట్టాడు. ఆ చక్రం ఇంజినుతో పాటు తిరుగుతుంది. పక్కనే ఉన్న అయస్కాంతపు కన్ను ఒక్కో పన్నూ దాటడం చూస్తుంది. పన్ను లేని బోసిచోటు వచ్చినప్పుడల్లా ఒక చుట్టు పూర్తయిందనీ, పిస్టను ఎక్కడుందనీ నియంత్రికకు తెలుస్తుంది. నియంత్రిక అన్నది కాగితాల మీది పేరు. ఖాదర్‌వలీ దాన్ని బుర్ర అంటాడు. పాడైపోయిన ఊయలబండి తలుపులోంచి పీకిన ఎలక్ట్రానిక్ పలక అది. తలుపు తెరవడం, మూయడం తప్ప ఇంకేమీ ఎరగని ఆ పలకకు ఇంజిను నడపడం నేర్పారు ఇద్దరూ కలిసి. కార్బొరేటరు తీసేసి, దాని చోట పెట్రోలును తుంపరగా చిమ్మే ముక్కు ఒకటి పెట్టారు. పొగగొట్టంలో ప్రాణవాయువు చూసే కన్ను, నీళ్ల వేడి చూసే కన్ను అమర్చారు. కార్బొరేటరు తీసిన రోజు ఖాదర్‌వలీ దాన్ని కిరసనాయిలుతో కడిగి, గుడ్డలో చుట్టి అలమరలో పెట్టాడు.

మొదటి చక్రం ఒక పన్ను పక్కకు బిగించినందుకు నిప్పురవ్వ వేళ తప్పి పడి, సైలెన్సరు పగిలి, చుట్టుపక్కల షెడ్ల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. రెండో చక్రం వంకర. ఇది మూడోది. బిగించి తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది, అందుకున్నది వదలలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వారు.

తర్వాతి మూడు వారాలు పట్టిక నింపడానికే సరిపోయాయి. పదహారు వరసలు, వరసకు పదహారు గళ్లు. ఇంజిను ఇంత వేగంలో, ఇంత బరువు మీద ఉంటే ఇంత పెట్రోలు పోయాలని ఒక్కో గడికి ఒక్కో అంకె. రోడ్డెక్కే అనుమతి లేదు కాబట్టి, చెరకురసం బండి రోలర్లు రెండు నేలలో పాతి ముందుచక్రాలను వాటి మీద పెట్టారు. కృపావతి స్టీరింగు వెనక కూర్చుని, ఆయన చెప్పిన వేగం దగ్గర ముల్లు వణక్కుండా యాక్సిలరేటరు పట్టేది. ఆయన పక్కన నిలబడి అంకె మార్చేవాడు.

కారు అంగుళం కదలకపోయినా ఆ మూడు వారాలూ ఆమెకు పండగే. పెట్రోలు వాసన తగిలితే చాలు, పాత తెల్లవారుజాములు కళ్ల ముందుకు వచ్చేవి. ఐదున్నరకే మైదానంలో వరసగా నిలబడ్డ శిష్యులు. చున్నీ నడుముకు బిగించిన బ్యాంకు ఉద్యోగిని, యాభై ఏళ్లు దాటాక భార్యకు తెలియకుండా నేర్చుకోవడానికి వచ్చిన లెక్కల మాస్టారు. మొదటిరోజు అందరికీ బండి ఆగిపోయేది. క్లచ్చి టక్కున వదిలేస్తే ఇంజిను ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోయేది. పది రోజులకో పదిహేను రోజులకో ఒకనాడు కారు మెల్లగా కదిలేది. అప్పుడు వాళ్లు రోడ్డు చూడటం మానేసి ఆమె వైపు తిరిగి, "నేనే నడిపానా మేడం?" అనేవాళ్లు. ఆ ప్రశ్న కోసమే ఆమె ముప్పై ఏడేళ్లు తెల్లవారకముందే లేచింది.

ఆఖరి వారంలో ఖాదర్‌వలీ తన పనితనమంతా ఒక చిన్న గొట్టంలో పెట్టాడు. దాని పేరు ఊతకవాటం. ఇంజిను ఆగబోతోందని బుర్రకు అనుమానం వస్తే చాలు, ఆ కవాటం తెరుచుకుని అదనంగా గాలి, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది.

"ఇహ ఎంత మొద్దు శిష్యుడు క్లచ్చి ఎగరేసినా బండి ఆగదు మేడంగారూ," అన్నాడు గర్వంగా. ఒకే రోజులో మూడుసార్లు దారిలో ఆగిన పాతబండిని పట్టుకుపోవాలన్న నిబంధన కూడా చట్టంలో ఉంది. అందుకే ఆయనకు ఆ జాగ్రత్త.

"ఆగకపోతే క్లచ్చి ఎట్టా నేర్చుకుంటారు ఖాదర్ గారూ?"

"ఇప్పుడు ఎవరు నేర్చుకోవాలి?"

ఆయన మామూలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

గడువుకు రెండు రోజుల ముందు, పది గంటలకు పరీక్షాధికారి వచ్చింది. పేరు శార్వి. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఆరేళ్లుగా బండ్లకు యోగ్యతాపత్రాలు ఇస్తున్నా, వాటిలో ఒక్కదాన్నీ కదిలించిన మనిషి కాదు. పాతబండ్ల దారి మొదట్లో కారును నిలబెట్టి, దారిమేధతో మాట్లాడే చాటింపు పెట్టెను బుర్రకు తగిలించింది. అంకెలన్నీ చూసింది. పొగ లెక్క సరిపోయింది. ఆ తర్వాత నిబంధనల పలక చూసి మొహం మాడ్చింది.

"పరీక్షాధికారి స్వయంగా బండిని వంద గజాలు కదిలించి చూడాలట. మా బండ్లయితే కదులు అంటే కదులుతాయి. దీనికేం చెప్పాలి?"

"దీనికి చెబితే వినదమ్మా. ఎక్కు, కుడిపక్క కూర్చో," అంది కృపావతి. ఎడమ సీటులో తాను కూర్చుంది. ఖాదర్‌వలీ వెనక ఎక్కాడు.

శార్వి స్టీరింగును వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది. క్లచ్చి తొక్కి, గేరు వేసి, కృపావతి "మెల్లగా" అంటుండగానే కాలు మొత్తం ఎత్తేసింది. ఊతకవాటం తెరుచుకుంది. ఇంజిను ఒక్కసారి మూలిగి, ఏమీ జరగనట్టు సాగిపోయింది. వంద గజాలు దాటాక, చెప్పిన చోట బ్రేకు నొక్కింది. చాటింపు పెట్టె తియ్యని గొంతుతో, "బండి యోగ్యమైనది," అని ప్రకటించింది.

ఖాదర్‌వలీ వెనక నుంచి అల్లాను తలచుకున్నాడు. శార్వి మాత్రం దిగలేదు. రెండు చేతులూ చక్రం మీదే ఉంచి కృపావతి వైపు తిరిగింది.

"నేనే నడిపానా?"

అవునంటే సరిపోయేది. పత్రం వచ్చేసింది, శార్వి దిగి వెళ్లిపోయేది. కానీ బండి కదపడం రానివాళ్లకు వచ్చిందని కృపావతి ఏనాడూ చెప్పలేదు. దళారులను పట్టుకుని లైసెన్సులు ఇప్పించే స్కూళ్లు చుట్టూ ఉన్న రోజుల్లోనే చెప్పలేదు.

"లేదమ్మా. బుర్ర నడిపింది. నువ్వు కూర్చున్నావంతే."

శార్వి మొహం చిన్నబోయింది. "మరి నేను నడపాలంటే?" అంది.

"ఖాదర్ గారూ, ఊతకవాటం తీగ పీకెయ్యండి."

"మేడంగారూ! పత్రం చేతికొచ్చింది. ఇప్పుడు అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మూడుసార్లు ఆగిందంటే తీసుకుపోతారు. ఇన్ని నెలల కష్టం!"

"నాకు తెలుసు. పీకండి."

ఆయన గొణుక్కుంటూ దిగి, బానెట్ ఎత్తి, తీగ పీకి వచ్చాడు.

మొదటిసారి కారు కప్పలా ఎగిరి ఆగింది. శార్వి కెవ్వుమంది. "ఒకటి," అంది చాటింపు పెట్టె. "ఏం ఫర్వాలేదు. పాదం కింద ఒకచోట బండి చిన్నగా వణుకుతుంది, అక్కడ ఆపు, అది నీతో మాట్లాడుతుంది," అంది కృపావతి. రెండోసారి శార్వి ఆ వణుకు దాకా వచ్చింది. వచ్చానన్న సంబరంలో కాలు వదిలేసింది. "రెండు."

"చాలమ్మా, దిగండి. దణ్ణం పెడతాను," అన్నాడు ఖాదర్‌వలీ.

శార్వి కృపావతి వైపు చూసింది. కృపావతి తాళం వైపు చూపించింది.

మూడోసారి కారు కదిలింది. నాలుగడుగులు నిజంగానే ముందుకు వెళ్లింది. అంతలో శార్వి కాలు తడబడింది, ఇంజిను దడదడలాడటం మొదలుపెట్టింది. కృపావతి ముందు తన క్లచ్చి ఉంది. దాన్ని ఒక్క నొక్కు నొక్కితే బండి బతుకుతుంది. నుజ్జుమిల్లు తప్పుతుంది. శార్వికి తెలియను కూడా తెలియదు. కృపావతి కాలు లేచింది, క్లచ్చి దాకా వెళ్లింది. అక్కడి నుంచి ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. ఇంజిను ఆగిపోయింది.

"మూడు," అంది పెట్టె. "బండిని స్వాధీనం చేసుకోవడానికి కారణం నమోదు చేయాలి. పరీక్షాధికారి చెప్పండి. దోషం ఇంజినుదా, ఇంధనానిదా, నియంత్రికదా?"

ఖాదర్‌వలీ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. కృపావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన కారును తానే చంపుకున్నానని ఆమెకు తెలుసు.

"వాటిలో ఏదీ కాదు," అంది శార్వి. "దోషం నాది."

"అర్థం కాలేదు. దోషం ఇంజినుదా, ఇంధనానిదా, నియంత్రికదా?"

"నాది అంటున్నాను కదా! శార్విది. క్లచ్చి తొందరపడి వదిలాను. బండి బాగానే ఉంది."

పెట్టె తన పట్టికలో వెతికింది. మనుషుల చేతుల్లోంచి దారులు తీసుకున్న ఏడాదే, దారి మీద మనిషి దోషం అన్న గడిని దారిమేధ పట్టికలోంచి కొట్టేశారు. ఇక జరగదని లెక్క వేసి తీసేసిన గడి అది. దాన్ని కావాలని అడిగే మనిషి ఒకరు పుడతారని ఎవరూ అనుకోలేదు. చాలాసేపటికి పెట్టె, "కారణం నమోదు కాలేదు. బండి యోగ్యమైనది," అని చెప్పి ఊరుకుంది.

శార్వి నవ్వుతోంది, ఆ నవ్వులోనే ముక్కు ఎగబీలుస్తోంది. "నా వల్ల ఒకటి చెడటం ఇదే మొదటిసారి మేడం. ఇంతవరకూ నేను చేసింది ఏదీ చెడలేదు. బాగుపడనూ లేదు."

కృపావతి ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. పదకొండేళ్లుగా తనకు కారు మీద బెంగ అనుకుంది. కారు మీద కాదని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"తాళం తిప్పమ్మా," అంది.

నాలుగోసారి కూడా బండి ఆగిపోయింది. ఎవరూ అడగకముందే శార్వి, "నాదే మేడం," అంది.