అద్దం లోపలి మసక

మా వీధిలో అందరూ ఆవిణ్ణి మిషనత్త అనేవాళ్లు. ఆ ఇంట్లో కుట్టుమిషను టకటకలాడని పూట ఉండేది కాదు. వానలు మొదలైన రోజుల్లో ఆవిడ చెల్లెలు ఆయాసంతో పోయింది. చెల్లెలి ఫోటోకి ఫ్రేము కట్టింది నేనే. నాది ఫ్రేముల దుకాణం.

నెల తిరక్కుండానే మిషనత్త నుంచి కబురొచ్చింది. "ఫోటోకి చెమ్మ పట్టేస్తోందే అమ్మాయ్. ఒకసారొచ్చి చూడు."

మధ్యాహ్నం, వానలోనే వెళ్లాను. ఫోటో ఉన్న గోడకి అవతల స్నానాల గది. సున్నం పెచ్చులూడుతోంది. గదంతా ఆరీ ఆరని బట్టల వాసన.

"ఈ గోడకి తగిలిస్తే ఫోటోకేంటత్తా, నాకైనా బూజు పట్టేస్తుంది," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

అద్దం మీద చిన్న మసక. గుడ్డతో తుడిచాను. పోలేదు. అది లోపలివైపు ఉంది. సరిగ్గా చెల్లెలి నోటి దగ్గర. చూస్తుండగానే చిన్నదైంది. మళ్లీ పెద్దదైంది.

కళ్లు చెదిరాయనుకున్నాను.

విప్పి చూస్తే ఫోటో పొడిగానే ఉంది. అద్దానికి అంటుకోకుండా చుట్టూ అట్ట అంచు పెట్టాను. వెనక కొత్త అట్ట వేసి, ఎక్కడా సందు లేకుండా టేపు అంటించాను. పొడిగా ఉన్న ఎదురుగోడకి తగిలించాను.

"ఇక చెమ్మ కాదు కదా, చీమ కూడా దూరదు."

మిషనత్త ఫోటో వంకే చూస్తోంది. "అంత గట్టిగా మూసేశావా?" అంది మెల్లిగా.

మసక మళ్లీ కనిపించింది. ఒకసారి... ఇంకోసారి... తర్వాత ఆగిపోయింది.

"చూశావా, పోయింది!" అంటూ వెనక్కి తిరిగాను.

మిషనత్త నేలమీద కూలబడి ఉంది. నోరు తెరిచే ఉంది. గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. వీపు రుద్దాను. కిటికీలు తెరిచాను. ఆవిడ చెయ్యి చాస్తోంది... నా వైపు కాదు, గోడ వైపు.

"దానికి... ఊపిరి..."

ఎలా తోచిందో తెలీదు. ఫ్రేము లాగి, బోర్లా వేసి, కత్తితో టేపు చీరేశాను. లోపల్నుంచి గాలి తగిలింది. వెచ్చగా.

మిషనత్త గట్టిగా దగ్గి, లేచి కూర్చుంది.

టేపు వెయ్యకుండా, ఫ్రేము మళ్లీ తగిలించాను.

"ఎవరికీ చెప్పకే," అంది గుసగుసగా. "పోయేముందు నా చెయ్యి పట్టుకుంది. 'ఊపిరి చాలట్లేదక్కా, నీది కొంచెం ఇవ్వవా' అంది. ఎలా కాదంటానే?"

సంచీ తీసుకుని గుమ్మం దాకా వచ్చాను. సాగనంపడానికి ఆవిడా వెనకే వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీసింది. దాని అద్దాలు నోటి దగ్గర పెట్టుకుని, "హా..." అని ఊది, కొంగుతో తుడవబోయింది.

ఆ అద్దాల మీద ఏమీ పట్టలేదు.

ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశాను. గోడ మీది ఫ్రేము, అంచు నుంచి అంచు దాకా, తెల్లగా మసకేసిపోయింది.