బోర్గిల్డ్ ఇంటి గిన్నె

మంచు తుఫాను వేళ, ఒకప్పుడు బోర్గిల్డ్ అనే ఆవిడ ఉన్న ఇంటి పక్కనుంచి పోకూడదని మా నార్త్ డకోటాలో కుక్కలకు కూడా తెలుసు. పాడుబడ్డా సరే, ఆ ఇల్లు మనుషుల్ని పిలుస్తుంది... గిన్నె మోగించి మరీ.

మా చలి అంటే మాటలా? మాట నోట్లోంచి రాగానే గడ్డకట్టి కాలిమీద పడుతుంది. మా ఆయన్ని తిడుతూ నా బొటనవేలు అలాగే చితక్కొట్టుకున్నాను.

అందుకే చలికాలం మొదలవగానే గుమ్మం నుంచి పశువుల కొట్టం దాకా తాడు కడతాం. తుఫానులో చాచిన చెయ్యి కనబడదు. తాడు పట్టుకునే వెళ్లి పాలు పితుక్కు రావాలి.

చాలా ఏళ్ల కిందట ఒక ఏడు రేడియోవాడు చెప్పాడు — ఎల్ నినో అట, ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కిందట, మనకు చలికాలం మెత్తగా పోతుందట. నిజంగానే జనవరిలో మంచు కరిగి చూరు కారింది. బోర్గిల్డ్ సంబరంగా తాడు విప్పి, పెరట్లో కట్టి బట్టలారేసుకుంది.

"తాడేదే?" అన్నాడట మొగుడు హాల్వర్, పాల తపేలా పట్టుకుని.

"నీ లాగులు ఆరుతున్నాయి దానిమీద. ఇంత ఎండలో తప్పిపోతావా, గుడ్డి ముసలాడా?"

నవ్వుకుంటూ వెళ్లాడు. అతను కొట్టంలో ఉండగానే ఉత్తరం నుంచి తెల్లటి గోడ లేచొచ్చింది.

బోర్గిల్డ్ గుమ్మంలో నిలబడి గిన్నె మోగించింది. నాలుగు దెబ్బలు... ఆగి, చెవి ఒగ్గి వినడం... మళ్లీ నాలుగు దెబ్బలు. కొట్టీ కొట్టీ చేతిలో గరిటె వంగిపోయింది.

తుఫాను తగ్గాక హాల్వర్ దొరికాడు. ఇంటికీ కొట్టానికీ మధ్యే. చెయ్యి చాచి ఉంది... తాడు ఉండాల్సిన ఎత్తులో.

చలికాలం మెత్తగానే పోయింది. ఆ ఒక్క సాయంత్రం తప్ప.

బతికినన్నాళ్లూ ప్రతి తుఫానులో ఆమె గిన్నె మోగించింది. చివరికి ఆమే పోయింది. అయినా మోత ఆగలేదు.

కిందటేడు మా చెల్లెలి కొడుకు ఆర్లిన్ కారు తుఫానులో ఆ ఇంటి దారిలోనే మంచులో కూరుకుపోయింది. పెట్రోలు అయిపోయింది, హీటరు ఆగింది. కూర్చుంటే చావు. దిగితే ఎటు పోవాలో తెలీదు.

టంగ్... టంగ్...

దెయ్యమని తెలిసే దిగాడు. మోగినప్పుడు నడిచాడు, ఆగినప్పుడు ఆగాడు. చేతికి గోడ తగిలింది. లోపల కుర్చీలు విరగ్గొట్టి పొయ్యి రాజేసుకుని బతికాడు.

తెల్లారి చూస్తే — పెరట్లో గాలిమర స్తంభానికి ఆ గిన్నె, ఆ వంగిన గరిటె వేలాడుతున్నాయి. బట్టలారేసిన ఆ తాడుతోనే గట్టిగా కట్టి ఉన్నాయి. పోయేముందు కట్టి పోయింది పిచ్చిది, తను లేకపోయినా మోగాలని.

"దెయ్యం లేదు, గియ్యం లేదు పెద్దమ్మా. గాలికి కొట్టుకుంటోంది" అన్నాడు మా వంటింట్లో కాఫీ తాగుతూ.

"ఇన్నేళ్లూ గరిటెకా భయపడి చచ్చాం?" అని నవ్వాను.

వాడు నవ్వలేదు. కప్పు కింద పెట్టాడు.

"గాలి రాత్రంతా ఒక్క క్షణం ఆగలేదు పెద్దమ్మా. గిన్నె మాత్రం... ఆగి ఆగి మోగింది." గొంతు తగ్గించాడు. "గోడ చేతికి తగిలాక, ఎందుకో, 'వచ్చేశాను' అన్నాను. అంతే... ఇక మోగలేదు."