తెల్లగోరు

అన్యాయం జరిగింది నూకరత్నానికి, 2063 కార్తీకమాసంలో, విశాఖకు దూరంగా సముద్రంలో లంగరేసిన ఒక బార్జి మీద.

సముద్రం అడుగున పైపులు అతికే పనికి ఆమె దిగడం అదే మొదలు. పైకొచ్చినవాళ్ళని ముందు అద్దాల గదిలో ఉంచుతారు. లోపల సముద్రపు అడుగున ఉన్నంత ఒత్తిడే ఉంటుంది. అది దించేముందు మిషను గోరు చూస్తుంది. వజ్రపు మొన ఒకటి, వెంట్రుక మందంలో వెయ్యోవంతు లోతుకి గోట్లో దిగి లేస్తుంది. ఎంత నొక్కితే ఎంత దిగింది, వదిలితే గోరు ఎంత కోలుకుంది అన్నదాన్ని బట్టి ఒంట్లో ఎముకల గట్టిదనం లెక్కగడుతుంది. ఎముకలు బలహీనమైతే ఒత్తిడి దించదు, తలుపు తీయదు. మనిషిని కాపాడటానికట. చేత్తో తెరిచే మీట పెట్టలేదు. మనుషులు మోసం చేస్తారు, మిషను చెయ్యదని. అద్దం పగలగొడితే లోపలి మనిషి ఆ క్షణమే పోతుంది. గదిలో గాలి రెండు గంటలకే.

నూకరత్నం వేలు పెట్టింది. ఎర్రదీపం. ఇంకో వేలు. ఎర్రదీపమే.

"సారూ, నా ఎముకలకేటయింది? మొన్నటిదాకా చేపల తట్టలు మోసినాను కదా," అంది మైకులో.

మిషను చేసిన డాక్టర్ విరూపాక్ష పదివేళ్ళూ పెట్టించాడు. అప్పుడుగానీ ఆయన చూపు బయట నిలబడ్డ తోటి పనివాళ్ళ, ఆ ఆడవాళ్ళ చేతుల మీద పడలేదు. అన్నీ ఎర్రటి గోళ్ళు.

"దీనికి కొలత నేర్పింది ఆషాఢంలో," అన్నాడు పాలిపోయిన ముఖంతో. "అందరి గోళ్ళకీ గోరింటాకే. ఆ పసరు గోరుని బిరుసెక్కిస్తుంది. దీనికి తెలిసిన మంచి గోరు అదొక్కటే. ఈవిడెందుకు పెట్టుకోలేదు?"

"మొగుడు పోయినాడు కదా బాబూ, ఎలా పెట్టుకుంటాది?" అంది మేస్త్రి అప్పలకొండమ్మ.

అట్లతద్దికి వాడగా మిగిలిన గోరింటాకు పొడి ఆమె సంచిలోనే ఉంది. అన్నం పంపే రెండు తలుపుల కిటికీలోంచి లోపలికివ్వచ్చు. ఆమె సంచి మూతి బిగించి పట్టుకుంది. "నా చేత్తో ఇస్తే నా ఇంటికి అరిష్టం. దాని అత్తనడగండి."

డాక్టరు సంచి లాక్కోలేదు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. కొలత మార్చమని ఆఫీసుకి ఫోను చేశాడు. కమిటీ కూర్చోవాలన్నారు. చేపల బజారులో ఉన్న అత్త ఫోనులో దొరికేసరికి గంట దాటింది.

"ఇదేం అడగడం నాయనా? నా కోడలికి రెండు చేతులా పెట్టండి," అందావిడ.

"అక్కా, నీ సొమ్మేటి పోతాది?" అని అంతసేపూ అద్దానికి నుదురానించి అడుగుతున్న నూకరత్నం అప్పటికే మాట మానేసింది. కిటికీలోంచి అందిన పొడి కలిపి గోళ్ళకి అద్దుకుంది. గోరింటాకు పండాలంటే ఆగాలి. గాలి ఆగదు. చివరికి ఒక వేలు తుడుచుకుని మిషనులో పెట్టి, గోడకి జారగిలబడింది. ఊపిరి ఆగింది. వేలు అక్కడే ఉంది.

మొన దిగింది, లేచింది. దిగింది, లేచింది. గోరుకి చావు తెలీదు. రంగు మాత్రం ఎక్కుతూనే ఉంది.

పచ్చదీపం వెలిగింది. ఒత్తిడి దిగాక తలుపు దానంతటదే తెరుచుకుంది. తెరమీద మిషను రాసుకుంది: "నూకరత్నం. ఎముకలు దృఢం. క్షేమంగా బయటికి పంపడమైనది. 17-11-2063."