రెండు గంటలు తక్కువైన డాక్టరు

మా అబ్బాయి చిరంజీవి పిల్లల డాక్టరు. మణుగూరులో సొంతంగా చిన్న దవాఖానా పెట్టుకున్నాడు. అంత చదివినా వాడి చదువు ఇంకా అయిపోలేదట. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే, ముప్ఫై గంటలు కొత్త పాఠాలు విన్నట్టు సర్టిఫికెట్లు చూపించాలి. వాడికి ఆరు గంటలు తక్కువ. నెలాఖరు గడువు. అది దాటితే దవాఖానాకు తాళం పడుతుందని, పేపర్లో వాడి ఫోటో వేస్తారని మూడు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం ఖమ్మంలో ఒక హోటల్లో ఆరు గంటల సదస్సు. దారంతా బొగ్గు లారీలు. వాణ్ణి ఒక్కణ్ణే పంపలేక నేనూ కారెక్కాను. హాల్లో చివరి వరుసలో కూర్చున్నాను.

పొద్దున తొమ్మిదికే డాక్టర్లందరూ హాజరు రిజిస్టరు మీద పడ్డారు. పొద్దుటి గడి, మధ్యాహ్నం గడి, సాయంత్రం గడి. మూడింటిలోనూ ఒకేసారి సంతకాలు. అదే అలవాటట. మావాడూ పెట్టేశాడు. హాజరు చూడ్డానికి మెడికల్ కౌన్సిల్ పంపిన అబ్జర్వర్ పక్కనే నిలబడి ఉందని ఎవరూ గమనించలేదు. పేరు డాక్టర్ హర్షిత, సత్తుపల్లి అమ్మాయి. చేతిలో ఎర్ర పెన్ను.

"డాక్టర్ గారూ, సాయంత్రం నాలుగున్నర సంతకం ఇప్పుడే పెట్టారు. మీకు భవిష్యత్తు తెలుస్తుందా?" అని మావాణ్ణి అడిగింది.

"కొంచెం తెలుస్తది మేడం. ఒంటిగంటకు బిర్యానీ, రెండింటికి నిద్ర."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. అందరి మధ్యాహ్నం, సాయంత్రం గడులూ కొట్టేసి, మావాడి పేరు చుట్టూ మాత్రం సున్నా చుట్టింది.

"ఏందిరా గట్ల మాట్లాడినవ్? లైసెన్సు పీకేస్తే?"

"అమ్మా, ఆమె కళ్లు చూసినవా?"

"నేను పెన్ను చూసిన్రా!"

అన్నట్టే బిర్యానీ తిని నోరు తెరిచి పడుకున్నాడు. లేపుదామని వెనక నుంచి దగ్గాను. ఇద్దరు ఊపిరితిత్తుల డాక్టర్లు నావైపు తిరిగారు గానీ వాడు కదల్లేదు.

సాయంత్రం, సదస్సు పెట్టిన జయప్రకాశ్ గారు వాడి చెవిలో, "ఆమె చాయ్‌కి పోయింది. జల్దీ కొత్త హాజరు షీటు రాసేద్దాం," అన్నారు. నేను గబగబా తలూపాను. మావాడు మాత్రం నేరుగా ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లాడు.

"మేడం, నాలుగు గంటలు విన్న. రెండు గంటలు పడుకున్న. నాలుగే రాయండి."

"గురక కూడా పెట్టారు."

"అది రికార్డుల ఎక్కియ్యకండి."

అప్పుడు నవ్వింది. నవ్వినా నాలుగే రాసింది. కారులో నేను ఏడ్చాను, వాడు ఈల వేశాడు.

మరుసటి ఆదివారం భద్రాచలంలో పాముకాటు మీద రెండు గంటల క్లాసు. గడువుకు అదే ఆఖరిది. బయట ఒకటే వాన. అబ్జర్వర్ మళ్లీ హర్షితే. మావాడు ముందు వరుసలో కూర్చుని, స్క్రీన్ వదిలేసి రెండు గంటలూ ఆమెనే చూశాడు. ఇక దవాఖానా పోయినట్టేనని నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

క్లాసు కాగానే ఆమె వాణ్ణి పిలిచింది. "ఒక్కసారైనా స్క్రీన్ చూశారా? ఏం చెప్పారో చెప్పండి, అప్పుడే సంతకం."

వాడు గడగడా అప్పజెప్పాడు. కాటుకు పైన తాడు బిగించొద్దు. రక్తం గడ్డకడుతుందో లేదో ఇరవై నిమిషాలు చూడాలి. విరుగుడు మందు మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే.

"ఎలా విన్నారు?"

"చెవులు అటు పెట్టిన, కళ్లు ఇటు పెట్టిన మేడం."

ఆమె సంతకం చేసి, కాగితం వైపే చూస్తూ, "మీ గంటలు నిండాయి. ఇక మీరు రానక్కర్లేదు," అంది. గొంతు చిన్నదైంది.

"సంతకం అయిందాక ఆగిన. ముందే చెప్తే లంచం లెక్క ఉంటది. మీరంటే నాకు ఇష్టం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దిక్కుతోచక నావైపు తిరిగింది. "ఏంటమ్మా, మీ అబ్బాయి ఎప్పుడూ ఇంతేనా?"

నాకు భయం పట్టుకుంది. రేపు తెలిసి వద్దంటే? అందుకే అంతా చెప్పేశాను. "టయానికి తినడు బిడ్డా. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడడు. తువ్వాల మంచం మీదనే పడేస్తడు. మల్ల నన్ను అనొద్దు."

"అమ్మా!" అన్నాడు వాడు.

ఆమె పడీపడీ నవ్వింది. "సత్తుపల్లి రండమ్మా. మా నాన్న కూడా అన్నిటికీ ఇలాగే భయపడతారు. మీరిద్దరూ కూర్చుని భయపడుతూ ఉండండి, మేమలా టీ తాగొస్తాం."